ఆకులో నాలుగు మాంగనీసు పరమాణువులు

పిల్లలూ, పదో తరగతి సైన్సు పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ దగ్గర ఒక సమీకరణం ఉంటుంది. ఎడమవైపు కార్బన్ డయాక్సైడు, నీరు. బాణం మీద సూర్యకాంతి, పత్రహరితం. కుడివైపు గ్లూకోజు, ఆక్సిజన్, నీరు. దాన్ని తప్పు లేకుండా రాస్తే పరీక్షలో మార్కులు వస్తాయి. కానీ అసలు కథంతా ఆ చిన్న బాణం లోపలే ఉంది. శాస్త్రవేత్తలు దాదాపు వందేళ్లుగా ఆ బాణాన్ని విప్పి చూస్తూనే ఉన్నారు. అందులో ఒక్క ముక్క గురించే ఈ పాఠం. నీరు విడిపోయి ఆక్సిజన్ బయటికి వచ్చే చోటు ఎక్కడ? అక్కడ పని చేసేది ఎవరు?

పత్రహరితం అని మీరు జవాబు చెప్పవచ్చు. పత్రహరితం కాంతిని పట్టుకుంటుంది, నిజమే. నీటిని మాత్రం అది ముట్టుకోదు. ఆ పని చేసేది లోహం. నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు, వాటిని ఒకదానితో ఒకటి కలిపి ఉంచే ఐదు ఆక్సిజన్ పరమాణువులు. మొత్తం పది పరమాణువుల ముడి. ఇంగ్లీషులో దీన్ని మెటల్ క్లస్టర్ అంటారు. క్లస్టర్ అంటే గుత్తి. ద్రాక్షగుత్తి, తాళంచెవుల గుత్తి అన్నట్టే ఇది లోహపు గుత్తి. మనం కూడా గుత్తి అనే పిలుద్దాం.

కడోదరా చార్ రస్తా దాటి బార్డోలీ వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా చెరకు తోటలు కనిపిస్తాయి. సీజనులో చల్థాన్ మిల్లుకీ బార్డోలీ మిల్లుకీ వెళ్లే చెరకు ట్రాక్టర్ల వెనక మీ బస్సు నెమ్మదిగా నడిచే ఉంటుంది. ఆ ట్రాక్టరు మీంచి జారిపడిన ఒక్క ఆకులో ఈ గుత్తులు మనం లెక్కపెట్టలేనన్ని ఉంటాయి. అస్సాం తేయాకులో ఉన్నదీ ఇదే గుత్తి. రాజస్థాన్ ఖేజ్రీ చెట్టులో, కోనసీమ కొబ్బరిలో, విశాఖ రాళ్లకు పట్టిన సముద్రపు నాచులో, తాపీ నది నీళ్లలో కంటికి కనబడని నీలి ఆకుపచ్చ బాక్టీరియాలో కూడా ఇదే. అమ్మకో నాన్నకో బదిలీ అయిన ప్రతిసారీ మీకు ఊరు మారుతుంది, భాష మారుతుంది, ఒక్కోసారి మూడో భాషగా చదివేదీ మారుతుంది. ఈ గుత్తి మాత్రం ఎక్కడికి వెళ్లినా మారదు. ఊళ్లు దాటినా మారకపోవడం ఒక ఎత్తు, కాలం దాటినా మారకపోవడం ఇంకో ఎత్తు. భూమి గాలిలో ఆక్సిజన్ పేరుకోవడం సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం మొదలైంది. దానికి కారణమైన పురాతన బాక్టీరియాలో పని చేసింది కూడా ఈ పద్ధతే. ఇప్పుడు మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉందంటే అదంతా ఇలాంటి గుత్తుల పుణ్యమే.

ముందు ఒక పాత సందేహం తీర్చుకోవాలి. గాజు గరాటు కింద హైడ్రిల్లా మొక్కను పెట్టి ఎండలో ఉంచితే బుడగలు వస్తాయి కదా. ఆ బుడగల్లోని ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడు నుంచి వచ్చిందా, నీటి నుంచి వచ్చిందా? రెండింటిలోనూ ఆక్సిజన్ ఉంది. చాలాకాలం కార్బన్ డయాక్సైడు నుంచే అనుకున్నారు. కేంబ్రిడ్జిలో రాబర్ట్ హిల్ 1930ల చివర్లో ఆకుల నుంచి హరితరేణువులను వేరుచేసి, కార్బన్ డయాక్సైడు లేకుండానే, ఎలక్ట్రాన్లను తీసుకునే ఒక ఇనుప లవణం కలిపి వెలుతురులో పెట్టాడు. ఆక్సిజన్ వచ్చింది. తర్వాత 1941లో అమెరికాలో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్, వారి మిత్రులు బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని తయారుచేసి నాచుకు తాగించారు. మామూలు ఆక్సిజన్ బరువు 16, వీళ్లు వాడింది 18. బుడగల్లో కనిపించింది నీటిలోని ఆ బరువైన ఆక్సిజనే. సందేహం తీరింది. ఆక్సిజన్ నీటి నుంచే వస్తుంది.

అయితే అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నీటిని విడదీయడం తేలిక కాదు. అది అంత తేలికైతే సముద్రాలు మిగిలేవి కావు. విద్యుత్తుతో విడదీయాలంటే కనీసం 1.23 వోల్టులు కావాలి. నిజంగా చేసేటప్పుడు అంతకన్నా ఎక్కువే పడుతుంది. పైగా రెండు నీటి అణువులు కలిసి ఒక ఆక్సిజన్ అణువు ఇవ్వాలంటే వాటి నుంచి నాలుగు ఎలక్ట్రాన్లు తీయాలి. ఒకటి తీసి వదిలేస్తే మిగిలేది హైడ్రాక్సిల్ రాడికల్, కణంలో దేన్ని తాకితే దాన్ని పాడుచేసే రకం. రెండు తీసి వదిలేస్తే హైడ్రోజన్ పెరాక్సైడు, అంటే గాయాలు కడిగే మందు. ఆకు లోపల ఇవి ఊరికే తిరిగితే ఆకు బతకదు. కాబట్టి నాలుగూ తీసేదాకా నీటిని వదలకూడదు.

కాంతి మాత్రం అలా రాదు. ఒక కాంతికణం వస్తే ఒక ఎలక్ట్రాన్ కదులుతుంది. రెండోది ఎప్పుడు వస్తుందో తెలియదు. ఒక్కొక్కటిగా వచ్చేదాన్ని కూడబెట్టి, నాలుగు పూర్తయ్యాక ఒక్కసారి ఖర్చు చేసే ఏర్పాటు ఎక్కడో ఉండాలి. ఆ ఏర్పాటు ఉందని లోహాన్ని చూడకముందే, కేవలం లెక్కపెట్టి కనిపెట్టారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

పారిస్‌లో పియేర్ జోలియో అనే శాస్త్రవేత్త ఉండేవాడు. మేరీ క్యూరీకి మనవడు, ఐరీన్ జోలియో క్యూరీకి కొడుకు. ఆయన 1969లో తన బృందంతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. హరితరేణువులను కొంతసేపు చీకట్లో ఉంచి, తర్వాత చాలా చిన్న చిన్న మెరుపులను ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చాడు. ఒక్కో మెరుపుకి ఒక్కో గుత్తి దగ్గర ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే కదిలేంత చిన్న మెరుపు. ప్రతి మెరుపు తర్వాత ఎంత ఆక్సిజన్ వచ్చిందో కొలిచాడు. మొదటి మెరుపుకి దాదాపు ఏమీ లేదు. రెండోదానికీ అంతే. మూడోదానికి ఒక్కసారిగా ఎగసింది. ఆ తర్వాత తగ్గి, మళ్లీ ఏడో మెరుపుకి పెరిగింది. మళ్లీ పదకొండోదానికి. 3, 7, 11. ప్రతి నాలుగింటికి ఒకసారి. సరే, కానీ మొదటిసారి నాలుగోదానికి కాక మూడోదానికే ఎందుకు?

అమెరికాలోని బాల్టిమోర్‌లో పనిచేసిన బెసెల్ కోక్ 1970లో దీనికి వివరణ ఇచ్చాడు. దాన్ని మన చార్ రస్తా దగ్గరి షేర్ రిక్షాతో చెప్పుకుందాం. రిక్షాలో నాలుగు సీట్లు. నలుగురు నిండితే తప్ప డ్రైవరు బండి తీయడు. ఒక్కో మెరుపుకి ఒక్కో ప్రయాణికుడు ఎక్కుతాడు. నాలుగో మనిషి ఎక్కగానే బండి కదులుతుంది, అంటే ఆక్సిజన్ బయటికి వస్తుంది, సీట్లు మళ్లీ ఖాళీ. అయితే చీకట్లో చాలా రిక్షాలు పూర్తి ఖాళీగా ఉండవు. ఒక మనిషి ముందే ఎక్కి కూర్చుని ఉంటాడు. అందుకే మొదటి బండి మూడో మెరుపుకే కదిలింది. ఆ తర్వాత నుంచి లెక్క నాలుగు. కోక్ ఈ దశలకు ఎస్-0, ఎస్-1, ఎస్-2, ఎస్-3, ఎస్-4 అని పేర్లు పెట్టాడు. ఎస్-4 అంటే నాలుగో మనిషి ఎక్కిన క్షణం. చీకట్లో నిలకడగా ఉండేది ఎస్-1. ఎస్-2, ఎస్-3 దాకా వచ్చి వెలుతురు ఆగిపోతే, ఎదురుచూసి విసిగిన ప్రయాణికులు దిగిపోయినట్టు గుత్తి నెమ్మదిగా ఎస్-1కి తిరిగి వస్తుంది.

ఇంకో మాట. మెరుపులు ఇస్తూ పోతే ఈ హెచ్చుతగ్గులు క్రమంగా సద్దుమణిగి, చివరికి ప్రతి మెరుపుకీ ఒకే మోతాదులో ఆక్సిజన్ వస్తుంది. ఎందుకంటే అప్పుడప్పుడు ఒక మెరుపు ఒక గుత్తికి తగలకుండా పోతుంది, అరుదుగా ఒకే మెరుపుకి ఇద్దరు ఎక్కేస్తారు. కాసేపటికి వేర్వేరు రిక్షాలు వేర్వేరు దశల్లో ఉంటాయి. కోక్ తన లెక్కలో ఈ తడబాట్లను కూడా చేర్చాడు. అప్పుడు ప్రయోగంలో వచ్చిన గీత, లెక్కలో వచ్చిన గీత సరిపోయాయి.

మరి ఈ సీట్లు మాంగనీసువే ఎందుకు కావాలి? మాంగనీసు లేకపోతే నాచులో ఆక్సిజన్ రావడం ఆగిపోతుందని 1930లలోనే తెలుసు. దాని గుణం మీరూ చూసినదే. ప్రయోగశాలలో పొటాషియం పర్మాంగనేటు ముదురు ఊదా రంగులో ఉంటుంది. అందులో మాంగనీసు ఏడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న స్థితిలో ఉంటుంది, దాన్ని ప్లస్ 7 అంటాం. టార్చి సెల్ పగలగొడితే కనిపించే నల్లటి పొడిలో ప్లస్ 4. లేత గులాబీ రంగు మాంగనీసు సల్ఫేటులో ప్లస్ 2. ఇలా మెట్టు మెట్టుగా ఎక్కి దిగగల లోహాలు ఎక్కువ లేవు. గుత్తిలోని నాలుగు పరమాణువులు ప్లస్ 3, ప్లస్ 4 మధ్య మారుతూ లెక్కను దాచుకుంటాయి. ఎస్-1లో రెండు ప్లస్ 3, రెండు ప్లస్ 4. ఎస్-3కి వచ్చేసరికి నాలుగూ ప్లస్ 4. కాల్షియం తన స్థితి మార్చుకోదు కానీ, దాన్ని తీసేస్తే చక్రం మధ్యలో ఆగిపోతుంది. దాని బదులు స్ట్రాంషియం పెడితే పని జరుగుతుంది కానీ నెమ్మదిస్తుంది.

ఇక ఇది ఆకులో ఎక్కడ ఉంటుందో చూద్దాం. హరితరేణువు లోపల థైలకాయిడ్ పొరలు దొంతరలుగా ఉంటాయని మీకు తెలుసు. ఆ పొరలో ఫోటోసిస్టమ్-2 అనే పెద్ద ప్రోటీను యంత్రం ఉంది. దాని మధ్యలో ఉన్న ప్రత్యేకమైన పత్రహరితం కాంతి శక్తితో ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటుంది. పోయినదాన్ని పక్కనే ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి లాక్కుంటుంది. టైరోసిన్ గుత్తి నుంచి లాక్కుంటుంది. గుత్తి చివరికి నీటి నుంచి తీసుకుంటుంది. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ఆ పత్రహరితానికి ఎలక్ట్రాన్ల ఆకలి ఎంత ఎక్కువంటే, జీవుల్లో అంతకు మించినది మరొకటి తెలియదు.

లెక్కతో గుత్తి ఉందని తెలిసింది. దాని ఆకారం ఏమిటి? ఇక్కడ కథ కాలిఫోర్నియాలోని బర్కిలీకి వెళ్తుంది. అక్కడ శాస్త్రవేత్తలు మెల్విన్ క్లైన్, కెనెత్ సాయర్ మొదలుపెట్టిన పనిని విఠల్ యాచంద్ర, జుంకో యానో దశాబ్దాలుగా కొనసాగించారు. యాచంద్ర పేరు మన తెలుగు చెవికి కొత్తగా అనిపించదు. వాళ్ల ముడిసరుకు ఏమిటో తెలుసా? పాలకూర. మీ అమ్మ పప్పులో వేసేదే. పాలకూర ఆకుల నుంచి ఫోటోసిస్టమ్-2 ఉన్న పొరలను వేరుచేసి, గడ్డకట్టించి, వాటి మీద ఎక్స్-కిరణాలు పంపేవారు. ప్రతి లోహానికీ తాను పీల్చుకునే ఎక్స్-కిరణం ఒకటి ఉంటుంది. మాంగనీసు ఎలక్ట్రాన్లు పోగొట్టుకునే కొద్దీ ఆ విలువ కొద్దికొద్దిగా పక్కకు జరుగుతుంది. ఆ జరుగుడును కొలిస్తే ఏ దశలో మాంగనీసు ఏ స్థితిలో ఉందో తెలుస్తుంది. పక్కనున్న పరమాణువులు ఎంత దూరంలో ఉన్నాయో కూడా తెలుస్తుంది. రెండు మాంగనీసుల మధ్య దూరం సుమారు 2.7 ఆంగ్‌స్ట్రామ్‌లని ఈ పద్ధతిలోనే తేలింది. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు.

దూరాలు తెలిసినంత మాత్రాన బొమ్మ రాదు. ఇంట్లో ఏ గదికి ఏ గది ఎంత దూరమో చెప్పి ఇంటి నక్షా గీయమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే, ఒకే కొలతలకు చాలా నక్షాలు కుదురుతాయి. బొమ్మ కావాలంటే ప్రోటీనును స్ఫటికంగా చేసి, ఎక్స్-కిరణాలు చెదిరే తీరు నుంచి పరమాణువుల స్థానాలు కట్టాలి. 2001లో బెర్లిన్ బృందం మొదటి నిర్మాణం ఇచ్చింది, కానీ అది మసకగా ఉంది. 2004లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో జిమ్ బార్బర్, సో ఇవాటా బృందం ఇంకాస్త స్పష్టమైనది ఇచ్చింది. మూడు మాంగనీసులు, ఒక కాల్షియం కలిసి ఒక ఘనంలా, నాలుగో మాంగనీసు బయట ఉన్నట్టు అందులో చూపారు.

అప్పుడే బర్కిలీ బృందం ఒక ఇబ్బందికరమైన విషయం చెప్పింది. యానో, యాచంద్ర, వారి సహచరులు 2005లో ఆ స్ఫటికాల మీద స్ఫటిక ప్రయోగాల్లో వాడేంత ఎక్స్-కిరణాలు పంపి, మాంగనీసు స్థితి ఎలా మారుతోందో కొలిచారు. కిరణాలు పడుతున్నకొద్దీ ప్లస్ 3, ప్లస్ 4లో ఉన్న మాంగనీసు ప్లస్ 2కి పడిపోతోంది. అంటే ఫోటో తీసే కాంతే గుత్తిని విప్పేస్తోంది. మిగతా ప్రోటీను బాగానే కనిపిస్తుంది, కానీ అందరూ చూడాలనుకున్న ఆ పది పరమాణువులే ఫోటో పూర్తయ్యేలోపు చెదిరిపోతాయి. అప్పటిదాకా గీసిన బొమ్మల్లో గుత్తి భాగం పాడైపోయిన గుత్తి బొమ్మ కావచ్చు. ఇది ఎదుటివాళ్లను తప్పుపట్టడానికి చేసిన పని కాదు. అదే పద్ధతి తమకూ కావాలి కాబట్టి, దాని హద్దు ఎక్కడో తెలుసుకోవడానికి చేసిన పని. మరుసటి ఏడాది వాళ్లే స్ఫటికాలను తక్కువ కిరణాలతో, వేర్వేరు దిక్కుల్లో తిప్పుతూ కొలిచి సాధ్యమైన ఆకారాలను కొన్నిటికి కుదించారు.

2011లో జపాన్ నుంచి గొప్ప బొమ్మ వచ్చింది. ఒసాకా సిటీ విశ్వవిద్యాలయంలో నోబువో కమియా, ఒకయామా విశ్వవిద్యాలయంలో జియాన్-రెన్ షెన్ బృందాలు వేడినీటి ఊటల్లో బతికే ఒక సయనోబాక్టీరియా నుంచి స్ఫటికాలు చేసి 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూపించారు. ఐదు ఆక్సిజన్‌లు విడివిడిగా కనిపించాయి. గుత్తికి అంటుకున్న నాలుగు నీటి అణువులు కూడా కనిపించాయి, రెండు కాల్షియానికి, రెండు నాలుగో మాంగనీసుకు. ఆకారం ఒక పక్కకు ఒరిగిన కుర్చీలా ఉందని వాళ్లే రాశారు. ఘనం కూర్చునే చోటు, బయటి మాంగనీసు వీపు ఆనించే చోటు. కిరణాల దెబ్బ వీలైనంత తగ్గించినా, కొన్ని బంధాలు ఉండాల్సిన దానికంటే పొడుగ్గా కనిపించాయి. దెబ్బ పూర్తిగా పోలేదన్న అనుమానం మిగిలింది.

చూస్తే చెడిపోయేదాన్ని చెడిపోకముందే చూడాలి. దారి అదొక్కటే. 2009లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ దగ్గర, ఆ తర్వాత జపాన్‌లో ఎక్స్-కిరణ లేజర్లు పనిలోకి వచ్చాయి. వీటి ఒక్కో మెరుపు కొన్ని పదుల ఫెమ్టోసెకన్లే ఉంటుంది. సెకనును కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ పది కోట్ల భాగాలు చేస్తే వచ్చే ఒక్క ముక్క ఫెమ్టోసెకను. అంత తక్కువ సమయంలో పరమాణువులు కదలలేవు. మెరుపు తగిలిన స్ఫటికం పూర్తిగా నాశనమవుతుంది, కానీ దాని బొమ్మ అప్పటికే వచ్చేసి ఉంటుంది. ఒక స్ఫటికానికి ఒక్క ఫోటో. మళ్లీ కొత్త స్ఫటికం. షెన్ బృందం 2015లో ఈ పద్ధతిలో దెబ్బ తినని ఎస్-1 బొమ్మను ప్రచురించింది.

బర్కిలీ బృందం ఒక్క బొమ్మతో సరిపెట్టుకోలేదు. రిక్షాలో ఒక్కొక్కరూ ఎక్కుతుండగా చూడాలనుకుంది. దానికి వాళ్లు చేసిన ఏర్పాటు కడోదరా మిల్లుల్లో సరుకు కదిలే బెల్టును గుర్తుచేస్తుంది. చిన్న చిన్న స్ఫటికాలున్న నీటి బొట్లను కదిలే ప్లాస్టిక్ పట్టీ మీద వరసగా వేస్తారు. పట్టీ సాగుతుండగా ఒకటి, రెండు, మూడు లేజర్ మెరుపులు తగులుతాయి. అంటే జోలియో మెరుపులే, యాభై ఏళ్ల తర్వాత. చివర్లో ఎక్స్-కిరణ మెరుపు. ఎన్ని మెరుపులు ఇచ్చారో దాన్నిబట్టి గుత్తి ఏ దశలో ఉందో తెలుసు. అదే క్షణంలో మాంగనీసు స్థితినీ కొలుస్తారు, కాబట్టి కోక్ లెక్క నిజమేనా అని అక్కడే సరిచూసుకోవచ్చు. పైగా ఇదంతా గడ్డకట్టించకుండా గది వేడిలోనే జరుగుతుంది. 2018లో నాలుగు దశల నిర్మాణాలూ ఇలా వచ్చాయి. ఎస్-2 నుంచి ఎస్-3కి వెళ్లేటప్పుడు గుత్తిలోకి కొత్తగా ఒక ఆక్సిజన్ చేరుతుందని తేలింది. 2023లో ఎస్-3 నుంచి ఆక్సిజన్ బయటికి వచ్చేలోపు, సెకనులో వెయ్యో వంతు చుట్టూ జరిగే సంగతులనే ముక్కలుగా చూపించారు. ఆ ఒక్క మిల్లీసెకనులోనే రెండు ఆక్సిజన్‌ల మధ్య బంధం పడుతుంది. ఆ రెండూ కచ్చితంగా ఏవి, ఏ వరసలో కలుస్తాయి అన్నది ఇంకా వాదనలో ఉంది.

ఇంత చెప్పాక ఆకు వైపు నుంచి ఒక మాట చెప్పకపోతే బాగుండదు. ఈ యంత్రం గట్టిది కాదు. గుత్తిని పట్టి ఉంచే డి-1 అనే ప్రోటీను ఎండ దెబ్బకు పదేపదే పాడవుతుంది. మండే ఎండలో అరగంటకో గంటకో దాన్ని తీసి కొత్తది పెట్టాల్సి వస్తుంది. అంటే మే నెల మధ్యాహ్నం మీరు ఫ్యాను కింద ఉన్నప్పుడు చెరకు ఆకు తన యంత్రానికి మరమ్మతు చేసుకుంటూనే ఉంటుంది. కొత్త ప్రోటీను వచ్చాక గుత్తిని మళ్లీ కట్టాలి. ఆ కట్టడానికి కూడా వెలుతురే కావాలి. మాంగనీసు పరమాణువులు ఒక్కొక్కటిగా వచ్చి, కాంతి సాయంతో ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అక్కడ కూర్చుంటాయి.

మరి ఆ మాంగనీసు ఎక్కడిది? నేల నుంచి వేర్లు తెచ్చిందే. కావలసింది చాలా తక్కువ, కిలో ఎండుటాకుకు కొన్ని పదుల మిల్లీగ్రాములు. అదీ అందకపోతే ఆకులో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతుంది. హవాయి దీవుల్లో పహాలా అనే ఊరి చెరకు తోటల్లో ఆకుల మీద తెల్లని చారలు వచ్చే తెగులు ఉండేది. ఊరి పేరుతోనే దాన్ని పహాలా తెగులు అన్నారు. ఏ క్రిమీ కారణం కాదని, మాంగనీసు లోపమే కారణమని 1928లో తేలింది. మన రైతులు కూడా లోపం కనిపిస్తే మాంగనీసు సల్ఫేటు నీళ్లలో కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తారు. మాంగనీసు ఖనిజం మనకు కొత్త కాదు. దేశంలో దాన్ని తవ్వడం 1892లో విజయనగరం ప్రాంతంలోనే మొదలైంది. గరివిడి, చీపురుపల్లి పేర్లు ఆ వైపు నుంచి వచ్చిన పిల్లలకు తెలిసే ఉంటాయి. గుజరాత్‌లో పంచమహల్ జిల్లా శివరాజ్‌పూర్‌లోనూ పాత మాంగనీసు గనులున్నాయి. తవ్విన ఖనిజంలో ఎక్కువ భాగం ఉక్కులోకే పోతుంది.

చెరకు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. చెరకు ఆకులో రెండు రకాల కణాలు పని పంచుకుంటాయి. ఈనెను చుట్టుకుని ఉండే కణాలు చక్కెర తయారీ చూసుకుంటాయి. వాటి హరితరేణువుల్లో ఫోటోసిస్టమ్-2 చాలా తక్కువ. నీటిని విడదీసే గుత్తులు ఎక్కువగా బయటి కణాల్లోనే ఉంటాయి. ఇలాంటి మొక్కలను సి-4 మొక్కలంటారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్ గారు, ఆయన శిష్యులు ఎ.ఎస్. రాఘవేంద్ర గారు 1970లలో మన పొలాల కలుపు మొక్కలను పరీక్షించి, వాటిలో ఏవి ఈ పద్ధతి పాటిస్తాయో వెతికారు. రాఘవేంద్ర గారు తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆ పరిశోధన కొనసాగించారు. పదకొండో తరగతిలో సి-4 పాఠం వచ్చినప్పుడు గుర్తుచేసుకోండి.

ఈ గుత్తి మీద ఇంత శ్రద్ధ ఎందుకో సూరత్‌లో ఉన్న మనకు తేలికగా అర్థమవుతుంది. 2023 జనవరిలో కవాస్‌లోని ఎన్టీపీసీ టౌన్‌షిప్పు ఇళ్లకు వెళ్లే పైపు గ్యాసులో హైడ్రోజన్ కలపడం మొదలుపెట్టారు. దేశంలో గ్రీన్ హైడ్రోజన్‌ను ఇలా కలపడం అదే మొదటిసారి. సౌర విద్యుత్తుతో నీటిని విడదీసి తీసిన హైడ్రోజన్ అది. ఆకు చేసే పనిలో సగం మనుషులు యంత్రంతో చేస్తున్నారన్నమాట. ఇలాంటి యంత్రాల్లో కష్టమైన భాగం హైడ్రోజన్ తీయడం కాదు, ఆక్సిజన్ వైపే. అక్కడా నాలుగు ఎలక్ట్రాన్ల ఇబ్బందే. ఒక రకం యంత్రాల్లో దానికి ఇరిడియం వాడాలి. అది బంగారం కన్నా అరుదైన లోహం, ప్రపంచం మొత్తం మీద ఏడాదికి కొద్ది టన్నులే దొరుకుతుంది. ఆకు అదే పనిని గది వేడిలో, మామూలు నీటితో, గరివిడి మట్టిలో దొరికే మాంగనీసుతో చేస్తుంది. అందుకే రసాయన శాస్త్రవేత్తలు గుత్తిని గాజు పాత్రలో కట్టి చూస్తున్నారు. కాలిఫోర్నియాలో థియోడర్ అగాపీ బృందం 2011లో మూడు మాంగనీసులు, ఒక కాల్షియం ఉన్న ఘనాన్ని తయారుచేసింది. 2015లో బీజింగ్‌లో చున్‌షీ జాంగ్ బృందం నాలుగో మాంగనీసును కూడా చేర్చి, ఆకులోని గుత్తిని చాలావరకు పోలిన దాన్ని కట్టింది. ఆకారం దగ్గరికి వచ్చింది. కానీ ఆకులోని గుత్తి తన చుట్టూ ఉన్న ప్రోటీను మధ్య కూర్చుని సెకనుకు పదుల సార్లు నీటిని విడదీస్తుంది. ఆ వేగంతో, అలా అలుపు లేకుండా పనిచేసే నాలుగు మాంగనీసుల గుత్తిని ఇంకా ఎవరూ తయారుచేయలేదు.